పట్టికలో మొదటి పేరు

జూన్ 10, సోమవారం

బడి తెరిచారు. గేటు మీద పాత బోర్డు లేదు. నీలం రంగు బోర్డు పెట్టి, దాని మీద నవ్వుతున్న పాప ఫోటో వేశారు. ఆ పాప మా బడి పాప కాదు. అంత నలగని యూనిఫాం వేసుకునే పిల్ల మా బడిలో ఒక్కతీ లేదు.

బడి ప్రభుత్వానిదే, కానీ ఇవాళ్టి నుంచి నడిపేది ఒక సంస్థ. పొద్దున టీచర్లందరినీ హాల్లో కూర్చోబెట్టి కొత్త మేనేజరు మాట్లాడాడు. మేం పద్నాలుగుమందిమీ ఆడవాళ్ళమే. మాట్లాడిన గంటసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నాడు. బయటికొచ్చేసరికి లెక్కల టీచరు ఆయనకి నవ్వుల సారు అని పేరు కూడా పెట్టేసింది.

ఇకమీదట తల్లిదండ్రులు తమకి నచ్చిన బడి ఎంచుకోవచ్చట. పిల్ల ఎటు వెళ్తే ప్రభుత్వ నిధులు అటు వెళ్తాయట. కాబట్టి బడులు పోటీ పడాలి, లోపల టీచర్లూ పోటీ పడాలి. ఎవరు ఎంతమందిని చేర్పించారు, ఎవరి తరగతి సగటు ఎంత, సెలవులెన్ని, తల్లిదండ్రులు ఫోనులో ఎన్ని స్టార్లిచ్చారు, ఇవన్నీ కలిపి స్కోరు. ఆ పట్టిక స్టాఫ్ రూము గోడకి అంటిస్తారు. మావన్నీ ఇక ఏడాది కాంట్రాక్టులే. అడుగున ఉన్నవాళ్ళకి పొడిగింపు ఉండదు.

"మీరంతా తల్లుల్లాంటివాళ్ళు. ఓర్పు ఎక్కువ. మీకిదేం కష్టం కాదు," అన్నాడు నవ్వుల సారు.

పంతొమ్మిదేళ్ళుగా రెండో తరగతికి చెబుతున్నాను. నిలబడతాను. అంతే.

జూన్ 13, గురువారం

బడి అయ్యాక కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం, నేనూ లెక్కల టీచరూ. మూడో అంతస్తులో ఒకాయన తలుపు సగమే తెరిచి, "మాకు సబ్బులొద్దమ్మా," అన్నాడు. "సబ్బులు కాదండీ, చదువు," అంది లెక్కల టీచరు. "అదీ వద్దు," అని వేసేశాడు.

మెట్ల మీద కూర్చుని ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కిందికొచ్చాక మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు.

ముగ్గురిని చేర్పించాను.

జూన్ 22, శనివారం

పట్టిక అంటించారు. నాది రెండో స్థానం. నాకు దాని మీద ఆసక్తేం లేదు. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 9, మంగళవారం

లెక్కల టీచరు మధ్యాహ్నం నన్ను సామాన్ల గదిలోకి లాక్కెళ్ళింది. "అక్కా, నాలుగో నెల," అంది. సంతోషం పట్టలేక కావలించుకున్నాను. అది ఏడ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకి నిలిచిన కడుపు. కానీ సెలవు పెడితే రోజుకి ఇంత అని స్కోరు తగ్గుతుంది. ప్రసూతి సెలవైనా సరే, హాజరు హాజరేనని నవ్వుల సారు మొన్ననే చెప్పాడు.

"ఇప్పుడేం చేయను?"

"ఎవరికీ చెప్పకు. వదులు బట్టలు వేసుకో. నోటుపుస్తకాల దొంతర పొట్టకి అడ్డంగా పట్టుకుని నడువు. పొడిగింపు కాగితాలొచ్చే దాకా లాక్కొద్దాం," అన్నాను.

మంచి సలహానే ఇచ్చాను. ఇంకేం చెప్పగలను?

జూలై 26, శుక్రవారం

మొదటి పరీక్షలు. నా తరగతి సగటు ఒక్క పిల్ల వల్ల పడింది. ఆ పిల్లకి మా బడి ఆయమ్మ పిచ్చుక అని పేరు పెట్టింది, నోరు మూయదని. తరగతిలో ఎవరు ఏ గీత గీశారో, ఎవరి రబ్బరు ఎవరి దగ్గరుందో అన్నీ చెబుతుంది. పుస్తకం ముందు పెడితే మాత్రం రాయిలా బిగుసుకుపోతుంది. అక్షరాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి టీచర్ అంటుంది. ఇలాంటి పిల్లలు నాకు కొత్త కాదు. ఇదివరకైతే రోజూ సాయంత్రం గంటసేపు పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు కరపత్రాలకే సరిపోతున్నాయి.

ఆగస్టు 5, సోమవారం

నవ్వుల సారు పిలిచాడు. టీ ఇప్పించాడు. ఎవరికీ ఇప్పించడు.

"మేడమ్, మీరు మొదటి స్థానానికి అరంగుళం దూరంలో ఉన్నారు. ఆ ఒక్క పాప… మన బడి ఆ పాపకి సరిపడదేమో. ఇంకా మంచి చోట చేరిస్తే బాగుపడుతుంది. మేం చెబితే తల్లికి వేరేలా వినిపిస్తుంది. మీరైతే ఆడవాళ్ళు, మెత్తగా చెబుతారు."

పంపేయమని ఆయన అనలేదు. ఆ మాటే వాడలేదు.

ఆగస్టు 7, బుధవారం

పిచ్చుక వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. బజారు చివర బట్టలు సరిచేసే చిన్న కొట్టు. ఆవిడ ఒక్కతే కుడుతుంది. నేను వెళ్ళగానే కుట్టు ఆపి, స్టూలు తుడిచి వేసింది.

చెప్పాల్సింది చెప్పాను. అవతలి బడిలో తరగతికి తక్కువమంది ఉంటారని, పాపను ప్రత్యేకంగా చూస్తారని. అవతలి బడి నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ సూది గుడ్డకి గుచ్చి, "మీరు చెప్పారంటే మంచికే అయి ఉంటుంది టీచరుగారూ. దాని గురించి ఇంతదూరం నడిచొచ్చారు," అంది.

పాపకి అదే మంచిది. తరగతి చిన్నదైతే శ్రద్ధ ఎక్కువ ఉంటుంది. పాపకి అదే మంచిది.

ఆగస్టు 8, గురువారం

పాపకి అదే మంచిది.

ఆగస్టు 19, సోమవారం

పట్టికలో మొదటి పేరు నాదే. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంట్లో చెబితే మా ఆయన సంతోషించాడు. అత్తయ్య మాత్రం కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "మొదటి స్థానం వచ్చినదాని మొహంలా లేదే అమ్మాయ్," అంది. నలభై ఏళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా చేసింది అత్తయ్య. మొహాలు చూసే జబ్బు ఇంకా పోలేదు.

తలనొప్పి అన్నాను.

సెప్టెంబరు 2, సోమవారం

రాయడానికేం లేదు.

సెప్టెంబరు 11, బుధవారం

ఆయమ్మ తరగతి తుడుస్తూ, "పిచ్చుక లేక గది చప్పగా ఉందమ్మా. ఎక్కడ చదువుతోంది?" అంది. మంచి బడిలో అన్నాను. "ఏ బడి?" అంది. పని ఉందని బయటికొచ్చేశాను.

సెప్టెంబరు 21, శనివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదిన్నరకి కొత్త కరపత్రాలు తేవడానికి నన్ను బజారుకి పంపారు. ప్రెస్సు నుంచి వస్తుంటే ఆ కొట్టు దారిలోనే పడింది. వేరే సందులోంచి రావచ్చు. ఇన్నాళ్ళూ అలాగే వచ్చాను. ఇవాళ ఆ సందు తవ్వేశారు.

పిచ్చుక కత్తిరింపు బల్ల కింద కూర్చుని ఉంది. ముందు గుండీల కుప్ప. నాలుగు రంధ్రాలవి ఒక డబ్బాలోకి, రెండున్నవి ఇంకో డబ్బాలోకి వేస్తోంది. బడి వేళ. నన్ను చూసి, "టీచర్! ఇవన్నీ నేనే విడదీశాను. నూట పన్నెండు!" అంది. ఒక్కటీ తప్పు పోలేదు.

"బడికెళ్ళలేదా?" అన్నాను, తెలిసి కూడా.

వాళ్ళమ్మ లేచింది. "అక్కడ చేర్చుకునే ముందు చదివించి చూశారండీ. ఇది చదవలేదు. వద్దన్నారు. ఇంకో రెండు చోట్లా అదే మాట. మీ బడికే తిరిగొస్తే ఆఫీసులో సీట్లు నిండాయన్నారు. మీకు చెబుదామని రెండుసార్లు గేటు దాకా వచ్చాను. పాపం మీరు పనిలో ఉన్నారని…"

పాపం అంది. నన్ను.

ఆరు వారాలు. ఆ పిల్ల ఆరు వారాలుగా బల్ల కింద ఉంది. పంపింది నవ్వుల సారు కాదు. ఆయన టీ ఇప్పించాడు, అంతే. పంపింది నేను. నడిచి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఎన్నడూ చూడని బడిని పొగిడి, నేనే పంపాను.

సెప్టెంబరు 22, ఆదివారం

పొద్దున అత్తయ్యతో కలిసి కూరగాయలు తరుగుతూ మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కత్తి పక్కన పెట్టింది.

"మా వార్డులోనూ ఒక ఏడాది ఇదే వచ్చింది. చావులు తక్కువ కనిపించాలి, మరీ కష్టమైన కేసుల్ని పెద్దాస్పత్రికి వెళ్ళమనండి అన్నారు. తలుపు దగ్గర ఉండేది మేమేగా. ఒకావిణ్ణి నేనే పంపాను. రెండు చెప్పులూ రెండు రంగులు. తొందరలో ఏవి దొరికితే అవి తొడుక్కొచ్చింది. ముప్పై ఏళ్ళయింది, ఆవిడ మొహం గుర్తు లేదు కానీ ఆ చెప్పులు గుర్తున్నాయి."

"తర్వాత ఏమైంది అత్తయ్యా?"

"తెలీదు. తెలుసుకోలేదు. నీకు తెలిసింది. పిల్ల ఇంకా అక్కడే ఉంది. వెళ్ళి తెచ్చుకో."

సెప్టెంబరు 23, సోమవారం

పిచ్చుకనీ వాళ్ళమ్మనీ తీసుకుని తిన్నగా నవ్వుల సారు గదిలోకి వెళ్ళాను.

"రెండో తరగతిలో సీట్లు లేవు మేడమ్."

హాజరు పట్టీ బల్ల మీద పెట్టాను. "ముప్పై ఆరు సీట్లు. ముప్పై ఐదుగురు పిల్లలు. రోజూ పిలిచేది నేను."

"మీ సగటు పడిపోతుంది."

"పడనివ్వండి."

"మొదటి స్థానం పోతుంది. ఆలోచించుకోండి, మీ మంచికే చెబుతున్నాను."

"ఆరు వారాలు ఆలోచించానండీ."

తల్లి ఎదురుగా ఉంది కాబట్టి ఆయన కాదనలేకపోయాడు. చేర్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నవ్వు లేకుండా ఆయన్ని మొదటిసారి చూశాను. మామూలు మనిషే. అలిసిపోయి ఉన్నాడు. ఆయన పైన ఇంకో పట్టిక ఉంటుంది కాబోలు.

గది బయట పిచ్చుక వాళ్ళమ్మకి నిజం చెప్పాను. ఆ బడి నేను చూడలేదని, నా స్కోరు కోసమే పంపానని. ఆవిడ, "నేను మిమ్మల్ని నమ్మాను," అని పిల్ల చెయ్యి వదిలి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 25, బుధవారం

భోజనాల వేళ స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పేశాను. ఎవరూ ఎవర్నీ చూడలేదు.

చివరికి డ్రాయింగు టీచరు గోడకేసి చూస్తూ, "నేను ఇద్దర్ని," అంది. తర్వాత సైన్సు టీచరు, "నేను ఒకణ్ణి. వినికిడి సరిగ్గా లేని పిల్లవాడు." అలా ఒక్కొక్కరూ. మొత్తం పదకొండుమంది పిల్లలు. అందరికీ టీ ఇప్పించాడట. నాకొక్కదానికే అనుకున్నాను.

సెప్టెంబరు 30, సోమవారం

లెక్కల టీచరు ఇవాళ నోటుపుస్తకాల దొంతర లేకుండా వరండాలో నడిచింది. ఆరున్నర నెలల పొట్ట, తల పైకెత్తుకుని. ఆయమ్మ చీపురు పారేసి చప్పట్లు కొట్టింది.

గంటలో పిలుపొచ్చింది. "ఇప్పుడు మానేసి, కాన్పయ్యాక కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి," అన్నాడట. బయటికొచ్చి, "అక్కా, రాజీనామా రాయను. సెలవు చీటీ రాస్తాను," అంది.

దాచుకోమని చెప్పిన నోటితోనే క్షమించమని అడిగాను. "నువ్వు చెప్పకపోయినా దాచేదాన్నే అక్కా. భయం నాది కూడా," అంది. అత్తయ్య చెప్పినట్టు చీటీ రెండు ప్రతులు రాయించాను. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకున్నాం.

అక్టోబరు 4, శుక్రవారం

రేపు తల్లిదండ్రుల సమావేశం. విద్యాశాఖ అధికారిణి వస్తోంది. మొదటి మూడు నెలల స్కోరు ప్రకారం ఉత్తమ ఉపాధ్యాయిని నేనే. ప్రశంసాపత్రం అచ్చయిపోయింది. ఆపమని నవ్వుల సారుని అడిగాను, కుదరదన్నాడు. "రెండు ముక్కలు మాట్లాడండి చాలు. సంతోషంగా," అన్నాడు.

మాట్లాడతాను.

అక్టోబరు 5, శనివారం

హాలు నిండిపోయింది. అధికారిణి చేతుల మీదుగా పత్రం తీసుకున్నాను. మైకు ముందు నిలబడి బల్ల పట్టుకున్నాను.

"ఈ మొదటి స్థానం ఎలా వచ్చిందో చెబుతాను. నా తరగతిలో చదవలేని పాప ఒకతె ఉండేది. నేర్పించి సగటు పెంచలేదు. పాపని పంపేసి పెంచాను. ఆరు వారాలు ఆ పాప ఏ బడిలోనూ లేదు. నాలాగే ఇంకొందరు టీచర్లు పంపారు. మొత్తం పదకొండుమంది పిల్లలు. మాకలా చెప్పారు, మేం విన్నాం. ఉద్యోగం పోతుందని భయపడ్డాం."

నవ్వుల సారు మైకు దగ్గరికి రాబోయాడు. అధికారిణి, "ఆగండి, వింటున్నాను," అంది.

మూడో వరసలో ఒక తల్లి లేచింది. నిలదీసినట్టే అడిగింది. "వెనకపడ్డ పిల్లల్ని మళ్ళీ తెస్తే మా వాడి చదువు ఏం కాను? మేం ఈ బడిని ఎంచుకున్నదే మార్కులు చూసి."

"మీ అబ్బాయి నాకు తెలుసమ్మా. చాలా చురుకు. రేపు వాడు జబ్బుపడి రెండు నెలలు వెనకపడ్డాడనుకోండి, అప్పుడు నేను మీ ఇంటికి కూడా వస్తాను. వాడికి వేరే బడి మంచిదని మెత్తగా చెబుతాను. మీరు నన్ను నమ్ముతారు."

ఆవిడ కూర్చుంది. ఒప్పుకుందని కాదు. ఆలోచనలో పడింది.

అప్పుడు వెనక నుంచి పిచ్చుక వాళ్ళమ్మ లేచింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. "ఆ పాప తల్లిని నేనే. టీచరుగారు చెప్పింది నిజం. ఆవిడ మీద నా కోపం నాకుంది, అది వేరే. మిగతా పదిమంది పిల్లలు ఎక్కడున్నారో చెప్పండి," అంది.

అధికారిణి నోటుపుస్తకం తెరిచి ఆ పదిమంది పేర్లూ అడిగింది.

అక్టోబరు 7, సోమవారం

నవ్వుల సారు ఒక కాగితం ముందుకు తోశాడు. పిల్లల్ని పంపడం టీచర్ల సొంత నిర్ణయమని, సంస్థకి సంబంధం లేదని టైపు చేసి ఉంది. కింద పద్నాలుగు గీతలు, సంతకాలకి.

కాగితం స్టాఫ్ రూముకి తెచ్చాను. అందరం చదివాం. టైపు చేసినదంతా అడ్డంగా కొట్టేసి దాని కింద నా చేత్తో రాశాను: "పంపింది మేము. పంపమన్నది మీరు." సంతకం పెట్టాను. లెక్కల టీచరు పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఇంకో పదకొండుమంది పెట్టారు. డ్రాయింగు టీచరు కలం తీసుకుని చాలాసేపు పట్టుకుంది. "ఇంట్లో నేనొక్కదాన్నే సంపాదన అక్కా," అని కింద పెట్టేసింది. ఎవరం తప్పు పట్టలేదు. నిన్నటి దాకా మేమందరం అక్కడే ఉన్నాం.

ప్రతిని నేనే తీసుకెళ్ళి అధికారిణికి ఇచ్చాను.

అక్టోబరు 9, బుధవారం

మా ఆయనకి భయం. "నీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. అత్తయ్య, "ఒరేయ్, అది బడికి వెళ్ళొచ్చి తిండి తింటోంది చూశావా? రెండు నెలల తర్వాత ఇవాళ రెండోసారి అన్నం పెట్టించుకుంది. నోరు మూసుకో," అంది.

అక్టోబరు 25, శుక్రవారం

అధికారిణి జరిపిన విచారణ అయింది. కాగితం మీద వచ్చింది కాబట్టి నమ్ముతున్నాను.

మిగతా పదిమందినీ తిరిగి చేర్చుకోవాలి. మార్కులు చూసి ఏ పిల్లనీ కాదనకూడదు, పంపకూడదు. ప్రసూతి సెలవుకి స్కోరు కోయకూడదు. లెక్కల టీచరు సెలవు మంజూరైంది. ఉత్తర్వు చేతిలో పట్టుకుని అది సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఈసారి నేను లోపలికి వెళ్ళలేదు.

పట్టిక మాత్రం ఉంటుందట. కాంట్రాక్టులూ ఉంటాయి. అవి ఈ అధికారిణి చేతిలో లేవు.

పిల్లల కోసం మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతున్నాం, ఈసారి కరపత్రాలు లేకుండా. ఎనిమిదిమంది దొరికారు. వినికిడి లేని పిల్లవాడి కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, ఎక్కడికో పక్కవాళ్ళకి తెలీదు. ఇంకో పాప తల్లి తలుపు తీయలేదు. డ్రాయింగు టీచరు ఆ తలుపు ముందు గంటసేపు నిలబడింది.

నవంబరు 18, సోమవారం

ఉత్తరం వచ్చింది. బడి ప్రతిష్ఠకి భంగం కలిగించినందుకు ఏప్రిల్ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించరు. పట్టికలో నాది పద్నాలుగో స్థానం.

ఊహించిందే. అయినా చదివాక కాసేపు బల్ల మీద తల ఆనించి కూర్చున్నాను. ఆ తర్వాత లేచి మొహం కడుక్కున్నాను. విద్యాశాఖ అప్పీలు కమిటీకి దరఖాస్తు రాశాను. మొత్తం రాశాను, స్టూలు, టీ, అన్నీ. పన్నెండుమంది సాక్షి సంతకాలు చేస్తామన్నారు. పదమూడోదిగా డ్రాయింగు టీచరు వచ్చి అడిగి మరీ చేసింది.

నవంబరు 19, మంగళవారం

పొద్దున గేటు దగ్గర పిచ్చుక వాళ్ళమ్మ ఆగింది. సెప్టెంబరు నుంచి నాతో ఆవిడ మాట్లాడటం ఇదే మొదటిసారి.

"మీరు వెళ్ళిపోతారటగా."

"ఏప్రిల్ దాకా ఉంటాను. తర్వాత సంగతి కమిటీ తేల్చాలి. వదిలిపెట్టను."

"అప్పటికి దీనికి చదవడం వస్తుందా?"

వస్తుందని చెప్పబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది.

"తెలీదమ్మా. కష్టంగానే ఉంది. నిన్న ఒక వాక్యం చదివింది, ఇవాళ అదే మళ్ళీ చదవలేకపోవచ్చు. రోజూ సాయంత్రం గంటసేపు మేమిద్దరం కూర్చుంటున్నాం. అది మాత్రం చెప్పగలను."

ఆవిడ నన్ను పరీక్షగా చూసింది. తర్వాత పాప సంచి తీసి నా చేతికిచ్చింది.

"సాయంత్రం కొట్టు మూశాక వస్తాను. అప్పటిదాకా పిల్లని మీ దగ్గరే ఉంచండి," అంది.